తెల్లబంతి ఆగిన చోటు

అహోబలరావు పంతులు కర్రకు సుద్ద రాసే తీరును బట్టే ఆయన తరువాతి దెబ్బ ఎలా ఉండబోతోందో హజరత్ వలికి తెలిసిపోయేది. గబగబా తిప్పితే గట్టి దెబ్బ. నెమ్మదిగా అద్దితే మెత్తని దెబ్బ. సబ్ జడ్జిగా ఉన్న రోజుల్లో తీర్పు చెప్పబోయేముందు కూడా ఆయన కలాన్ని ఇలాగే తిప్పేవాడనీ, ఆ తిప్పుడు చూసి ప్లీడర్లు ముందే మొహాలు వేలాడేసుకునేవారనీ కర్నూల్లో చెప్పుకుంటారు. రిటైరయ్యాక ఆ తిప్పుడంతా క్లబ్బులోని స్నూకర్ బల్ల దగ్గరికి మారింది.

ఆ బుధవారం మధ్యాహ్నం ఆయన గబగబా తిప్పుతున్నాడు.

వంతు ఇంకా వలిదే. ఒక ఎర్రబంతి వేశాడు, ఆ తరువాత ఒక రంగుబంతి వేశాడు. ఇప్పుడు మూల గుంత ముందర ఇంకో ఎర్రబంతి, కళ్ళు మూసుకుని కొట్టినా పడేటట్టు ఉంది. వలి బల్ల మీదికి వంగి, కంటి కొసతో పంతులు చేతిలోని సుద్దను చూశాడు. గట్టిగా కొడతాడన్నమాట. గట్టిగా కొడితే తెల్లబంతి ఎర్రదాన్ని గుంతలో వేసి, అంచుకు తగిలి, తిరిగి వచ్చి నల్లబంతి పక్కన నిలవాలి. అలా నిలవాలంటే అది ఇప్పుడు బల్ల నడుమ, కాస్త ఎడమగా ఆగి ఉండాలి. ఇదంతా వలి ఆలోచించాడని చెప్పడం సరికాదు. ఆలోచన ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు చెయ్యే చూసుకుంటుంది. కర్ర ముందుకు పోయింది. ఎర్రబంతి గుంత అంచుకు తగిలి, పడాలా వద్దా అని తటపటాయించి, అక్కడే నిలిచిపోయింది. తెల్లబంతి మాత్రం నింపాదిగా నడుచుకుంటూ వచ్చి బల్ల నడుమ, కాస్త ఎడమగా ఆగింది.

"తప్పిపాయె," అన్నాడు వలి నొచ్చుకున్నట్టు. "మీ వంతు సామీ."

పంతులు లేచి, లాల్చీ చెయ్యి పైకి లాక్కుని వచ్చాడు. ఎర్రబంతిని ఠంగుమని వేశాడు. తెల్లబంతి అంచుకు తగిలి, తిరిగి వచ్చి, నల్లబంతి పక్కన నిలబడింది. నల్లబంతినీ వేశాడు. వేసి, కర్ర భుజానికి ఆనించుకుని, వలి వైపు జాలిగా చూశాడు.

"చూసినావా వలీ? ఒక బంతి కొట్టేటప్పుడే రెండో బంతి చూసుకోవాలప్పా. నీకు శానాసార్లు చెప్పినా."

"మీకొచ్చినట్ల మాకు వస్తుందా సామీ," అంటూ వలి గుంతలోంచి నల్లబంతిని తీసి, మెత్తని గుడ్డతో తుడిచి, దాని చుక్క మీద పెట్టాడు.

క్లబ్బులో మార్కరు పని ఇది. పొద్దున్నే పచ్చబట్టను బ్రష్షుతో ఒకే దిక్కుకు దువ్వడం, బొగ్గుల ఇస్త్రీపెట్టెను ముందు పాత పేపరు మీద పెట్టి వేడి చూసుకుని ఆ తరువాత బట్ట మీద నడపడం, లెక్క చెప్పడం, పడిన రంగుబంతిని తీసి మళ్ళీ పెట్టడం. జోడు దొరకని పెద్దమనిషి వస్తే అతనితో ఆడడం. ఆడడమంటే ఓడడం. ఇది ఎక్కడా రాసిపెట్టి లేదు. వలికంటే ముందు ఇక్కడ మార్కరుగా ఉన్న అతని మేనమామ లాల్ అహమ్మద్ నేర్పిన విద్య అది. రెండు బంతులు వెయ్యి, మూడోది వదిలెయ్యి, వదిలినట్టు కనపడనియ్యకు, తెల్లబంతిని ఎదుటివాడికి వడ్డించిపెట్టు అని. వలి వడ్డన ఎంత బాగుండేదంటే, అహోబలరావు పంతులంతటి ఆటగాడు తుంగభద్రకు ఇవతల లేడని క్లబ్బంతా నమ్మింది. అందరికంటే గట్టిగా పంతులే నమ్మాడు.

ఆ రోజు వట్టివేళ్ళ తడిక పక్కన పేము కుర్చీలో కూర్చుని ఈ ఆట చూస్తున్నవాడు చలపతి. కాలువల ఇంజినీరు, కృష్ణా జిల్లా మనిషి, క్లబ్బుకు కొత్తగా సెక్రటరీ అయ్యాడు. అయిన వారంలోనే గోడమీది పటం మార్చాలన్నాడు. నిజమే, గోడమీద ఇంకా చచ్చిపోయిన ఇంగ్లండు రాజుగారే ఉన్నాడు. ఆయన తరువాత ఒక రాజు వచ్చి, దిగిపోయి, ఇంకో రాజు కూడా వచ్చాడు. పటం తరువాత ఆయన కన్ను మార్కరు మీద పడింది.

"ఏమయ్యా మార్కరూ, వారం నుంచీ చూస్తున్నాను. నువ్వు వరసగా మూడు బంతులు వేయగా ఒక్కసారీ చూడలేదు. నీతో ఆడి మేమేం నేర్చుకుంటాం? ఓడిపోయేవాడితో రోజూ ఆడితే చేయి పాడైపోతుంది."

వలి బ్రష్షు పట్టుకుని నిలబడ్డాడు.

"గుంతకల్లు రైల్వే వాళ్ళ దగ్గర ఏసేపు అని ఒకడున్నాడు. రమ్మని కబురు పెట్టాను. శనివారం మీరిద్దరూ ఒక ఆట ఆడండి. గెలిచినవాడు మార్కరుగా ఉంటాడు. ఇందులో అన్యాయమేమీ లేదుగా?"

పంతులు మధ్యలో కలగజేసుకున్నాడు. "వద్దప్పా చలపతీ. వలి మంచోడు. వానికి చెయ్యి పట్టలేదు, అంతే. పాపం, వాని తప్పేముండాది?"

ఇంజినీరు మాట వలికి అంత తగల్లేదు. పంతులు 'పాపం' అన్నాడే, అది తగిలింది. నోటిదాకా వచ్చిన మాట ఒకటే ఉంది. అది చెప్తే తన పని నిలుస్తుంది. ఆ మాట పంతులు ముందర చెప్పాలి. వలి బ్రష్షులోని సుద్దపొడి దులిపి, మళ్ళీ బట్ట దువ్వడం మొదలుపెట్టాడు.

*

"చెప్పేయకపోయినావా?" అంది వలి భార్య పీరమ్మ.

ఆమె వసారాలో పరుపు కుడుతోంది. ఏకిన దూది జుట్టులోనూ కనుబొమ్మల మీదా పడి, అప్పుడే ముసలిదైపోయినట్టుంది.

"ఏమని చెప్పాల? సామికి ఆట రాదు, నేనే గెలిపిస్తాండానని చెప్పాల్నా? ఆయనకు ఇంట్లో మాట్లాడేదానికి మనిషి లేదు. సాయంత్రం ఆ బల్ల కాడ నాలుగు బంతులు వేసుకుని, నలుగురికీ చెప్పుకుని పోతాడు. అది కూడా తీసేయమంటావా?"

"ఆయప్ప పరువు కోసరం నా పొయ్యి ఆర్పుకోవాల్నా?"

పీరమ్మ దబ్బనాన్ని పరుపులోకి దించి, ఇవతలికి లాగి, దారం బిగించింది.

"సరే, చెప్పొద్దులే. శనివారం నిజంగానే ఆడి గెలువు. పంతులుతో కాదు కదా ఆడేది. గుంతకల్లు మనిషితో కదా. నీకు రాదా యేమి?"

వచ్చునని అనబోయి వలి ఆగిపోయాడు. భయం అప్పుడు పుట్టింది అతనికి. ఇంజినీరు ముందర నిలబడినప్పుడు కూడా లేని భయం.

"ఏమో పీరమ్మా," అన్నాడు. "నా కోసరం నేను ఎప్పుడన్నా ఆడినానా?"

*

ఏసేపు గురువారం పొద్దున రైలుకు దిగాడు. నల్లగా, పొడుగ్గా, మెడలో సన్నని సిలువ గొలుసుతో ఉన్నాడు. వచ్చీరాగానే చెప్పులు విడిచి బల్లకు దండం పెట్టాడు. అది చూసి వలికి అతని మీద కోపం తెచ్చుకోవడం కష్టమైపోయింది.

"బట్ట శానా బాగా పెట్టినావన్నా," అన్నాడు ఏసేపు అరచేత్తో పచ్చబట్టను తడిమి. "మా కాడ ఇంజన్ల బొగ్గుపొడి అంతా బల్లమీదే. ఒక నాలుగు బంతులు కొట్టుకోనా?"

"కొట్టుకోప్పా. దానికేముండాది."

వలి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వీడి బలహీనత ఎక్కడుందో కనిపెడదామనే నిలబడ్డాడు, మనసులో మాట దాచడమెందుకు. మొదటి ఎర్రబంతి పడింది. వలి దాన్ని చూడలేదు. పడిన బంతిని చూసేవాళ్ళు సభ్యులు. మార్కరు చూసేది తెల్లబంతిని.

తెల్లబంతి ఎర్రదాన్ని కొట్టి, కొట్టినచోటే ఠక్కున నిలిచిపోయింది. అది నిలిచిన చోటినుంచి నల్లబంతికి దారి తెరిచిపెట్టి ఉంది. నల్లబంతి పడింది. ఈసారి తెల్లబంతి మెల్లగా ముందుకు పొర్లి, విడిగా ఉన్న ఎర్రబంతి పక్కకు చేరింది. ఆ తరువాత వెనక్కి వచ్చింది. దారం కట్టి లాగినా అంత తిన్నగా రాదు. కింద కొడితే వెనక్కి వస్తుందనీ, పైన కొడితే ముందుకు పోతుందనీ, నడుమ కొడితే నిలుస్తుందనీ వలికి తెలియనిది కాదు. కానీ ఏసేపు కొట్టిన దెబ్బల్లో ఒక్కటీ గట్టిది లేదు. తెల్లబంతికి వాడు దూరప్రయాణం పెట్టడం లేదు. గుక్కెడు, గుక్కెడు నీళ్ళు తాగినట్టు, బంతికీ బంతికీ మధ్య జానెడు, మూరెడు. సాయంత్రం మేతనుంచి వచ్చిన ఆవు ఎవరూ తోలకుండానే తన కొట్టంలోకి తాను పోయినట్టు, తెల్లబంతి ప్రతిసారీ తన చోటుకు తాను పోయి నిలబడుతోంది.

వలి గోడను వదిలి బల్ల దగ్గరికి వచ్చేశాడు. వీడు తన అన్నంలో మట్టి కొట్టడానికి వచ్చినవాడన్న సంగతే మరిచిపోయాడు. పడిన రంగుబంతిని తీసి చుక్క మీద పెట్టడం, మళ్ళీ తెల్లబంతిని చూడడం, నోరు తెరుచుకుని ఉండిపోవడం. ఇన్నాళ్ళూ బల్ల చుట్టూ తిరిగినా ఈ బల్ల ఇంత పెద్దదనీ, ఇంత అందమైనదనీ అతనికి తెలియలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో అతనికే తెలియదు.

"ఎట్లప్పా ఇది?" అన్నాడు చివరికి.

ఏసేపు సిగ్గుపడ్డాడు. "ఏముండాదన్నా. బంతిని వేసేది సగం పనే. వేసినాక తెల్లది యాడ నిలబడాలనేది ముందు చూసుకుంటా. ఆ చోటు కంటికి కనపడిందాకా కర్ర ఎత్తను. ఇంకొకటి, దాన్ని మరీ సూటిగా పెట్టుకోను. సూటిగా పెట్టుకుంటే పడుతుంది గానీ, తరువాత తెల్లది కదలనంటుంది. కొంచెం పక్కకు పెట్టుకుంటే పడేసి, మనం చెప్పిన దిక్కుకు పోతుంది."

వలి తల ఊపాడు. ఈ మాటలన్నీ తనకు తెలుసు. ప్రతి సాయంత్రమూ చేసేది ఇదే. కాకపోతే ఆ చోటు తనకోసం చూసుకోలేదు.

"మీ సెక్రట్రీ యేందో ఆట పెట్టినాడంట కదన్నా. యెందుకు?"

"ఊరికేలే," అన్నాడు వలి.

*

శుక్రవారం తెల్లవారగానే, పొద్దుటి నమాజు అయ్యాక ఒక గంట దొరుకుతుందని, వలి క్లబ్బు తలుపులు తీసి ఒంటరిగా ఆడుకోవడం మొదలుపెట్టాడు.

ఎర్రబంతి పడింది. నీలంబంతి పడింది. మూడో బంతి గుంత అంచుకు తగిలి నిలిచిపోయింది.

మళ్ళీ మొదలుపెట్టాడు. ఎర్రది పడింది, గులాబీది పడింది, మూడోది తప్పింది. తప్పడమైనా మామూలుగా తప్పలేదు. వెంట్రుకవాసి తేడాతో, ఎంతో ముచ్చటగా తప్పి, తెల్లబంతి పోయి పంతులుకు ఎక్కడ కావాలో అక్కడ నిలబడింది. ఎదురుగా పంతులు లేడు. ఖాళీ కుర్చీ ఉంది. తన చెయ్యి తన మాట వినడం లేదు. ఈసారి పళ్ళు బిగించి, మూడోదాన్ని గట్టిగా కొట్టాడు. అది పడింది గానీ తెల్లబంతి బల్లంతా పిచ్చిపట్టినట్టు తిరిగి, ఎందుకూ పనికిరాని మూలకు పోయి కూర్చుంది. గెలవాలని కొడితే చెదిరిపోతోంది. మామూలుగా కొడితే ఇంకొకరికి పోతోంది. ఇంకెంతసేపు ఆడినా ఇదే తంతు అని అర్థమైపోయింది.

కర్ర బల్లకు ఆనించి, నుదురు తుడుచుకున్నాడు. బల్ల వైపు చూశాడు. తెల్లబంతి ఎంతో చక్కని చోట ఉంది. పంతులుకు ఇంతకంటే మంచి చోటు దొరకదు. నవ్వొచ్చింది. నవ్వుతోనే అలవాటుగా అనేశాడు, "మీ వంతు సామీ."

ఎవరూ లేవలేదు. కాసేపు ఆగి, వలి తానే పంతులై లేచినట్టు చేశాడు. బల్ల చుట్టూ తిరిగి అవతలి వైపుకు వెళ్ళాడు. పంతులు లాగే చొక్కా చెయ్యి పైకి లాక్కున్నాడు. పంతులు లాగే గొంతు సవరించుకుని, వంగి, కొట్టాడు. బంతి పడింది. ఇది మూడోది కాదు, పంతులు మొదటిది. పడిన తరువాత తెల్లబంతి నల్లదాని పక్కన, కాస్త ఎడమగా నిలిచింది.

"మీ వంతు సామీ," అన్నాడు వలి మళ్ళీ. ఈసారి నవ్వలేదు.

మళ్ళీ చుట్టూ తిరిగి వచ్చాడు. బంతి వేశాడు. ఎవరికోసం? వచ్చే పెద్దమనిషి కోసం. ఆ పెద్దమనిషి ఎవరు? ఇంకెవరు, తానే. వడ్డించేవాడూ తానే, కూర్చుని తినేవాడూ తానే. చెయ్యికి ఈ ఏర్పాటు నచ్చినట్టుంది, మారాం మానేసింది. పెద్దమనిషి సుఖంగా కొట్టుకోవడానికి ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టింది. పెద్దమనిషి కొట్టాడు. మళ్ళీ పెట్టింది. బల్ల మీద ఎర్రబంతులు ఒకటొకటిగా తరిగిపోతున్నాయి. ఏసేపు ఆట చూసినప్పుడు ఏ వింత చూశాడో ఆ వింత ఇప్పుడు తన కర్ర కొసనే జరుగుతోంది. ఇది తన దగ్గర ఇన్నాళ్ళూ ఉందా? ఉండి, రోజూ ఇంకొకరి విస్తట్లో పడిందా? అతను తన కుడిచేతిని వెలుగులోకి ఎత్తి, కొత్తగా చూసినట్టు చూసుకున్నాడు.

కాపలావాడు పెద్ద ఈరన్న కిటికీలోంచి తొంగిచూశాడు. వలి ఒక్కడే బల్ల చుట్టూ తిరుగుతూ, ఎవరికో సలాము పెడుతూ, మళ్ళీ తనే గొంతు సవరించుకుంటూ కనపడ్డాడు.

"ఏమప్పా సాయిబూ, ఎవరితో మాట్లాడతాండావు?"

"పెద్దమనిషి వచ్చినాడు ఈరన్నా," అన్నాడు వలి.

ఈరన్న గదంతా వెతికి చూసి, ఎండాకాలం అందరినీ ఒకేలా పట్టుకోదు అనుకుంటూ వెళ్ళిపోయాడు.

*

శనివారం క్లబ్బు నిండింది. పేకాట వాళ్ళు కూడా ముక్కలు మడిచిపెట్టి వచ్చారు. ఇంజినీరు చలపతి పేము కుర్చీలో, ఆయన పక్కన అహోబలరావు పంతులు తన కర్ర రెండు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చున్నారు. పంతులు వలిని దగ్గరికి పిలిచి, చెవిలో చెప్పాడు. "భయపడొద్దు. ఓడిపోయినా నేనుండా. యాడన్న పని చూపిస్తా."

"అట్లనే సామీ," అన్నాడు వలి.

ఏసేపు మొదలుపెట్టాడు. వలి వంతు రాగానే ఎర్రది వేశాడు, గోధుమరంగుది వేశాడు. ఇంతమంది కళ్ళు మీద పడేసరికి నిన్న నేర్చిందంతా ఎక్కడికి పోయిందో పోయింది. మూడో బంతి గుంత అంచుకు తగిలి ఆగింది. తెల్లబంతి ఏసేపుకు ఎంతో అనువుగా పోయి నిలబడింది.

"అదిగో," అన్నాడు చలపతి. "చెప్పానా?"

ఏసేపు లేచాడు. గురువారం పొద్దుట వలి ఒక్కడే చూసిన వింతను ఇప్పుడు గదంతా చూసింది. బంతి వెనుక బంతి. పేకాట వాళ్ళు సిగరెట్లు ఆర్పేశారు. ఏసేపు బంతి వేసిన తరువాత ఎప్పుడూ బల్ల చుట్టూ పరుగులు పెట్టలేదు. తెల్లబంతే అతని దగ్గరికి వచ్చింది. లెక్క చెప్పే పని ఆ రోజు పెద్ద ఈరన్నకు అప్పజెప్పారు. పాపం, అతని వేళ్ళు చాలడం లేదు. చివరికి ఒక నల్లబంతిని వేసిన తరువాత తెల్లబంతి అనుకున్నదానికంటే కాస్త ఎక్కువ పొర్లి, పసుపు బంతి వెనుక దాగింది. ఏసేపు నాలుక కరుచుకున్నాడు. అక్కడినుంచి వేయడానికి ఏమీ లేదు. తెల్లబంతిని దూరపు అంచుకు పంపించి, వచ్చి కూర్చున్నాడు.

"ఇక పో," అన్నాడు చలపతి వలితో, మర్యాదగానే.

వలి లేచి బల్ల చుట్టూ ఒకసారి నడిచాడు. ఏసేపు లెక్కలో చాలా ముందున్నాడు. మిగిలిన బంతులన్నీ వేస్తే తప్ప గెలుపు లేదు. ఇంట్లో పీరమ్మ పరుపు ముందర కూర్చుని, దబ్బనం చేతిలో పట్టుకుని, కుట్టకుండా వీధి వైపు చూస్తూ ఉంటుంది. దూరంగా అంచు దగ్గర ఒక ఎర్రబంతి విడిగా ఉంది. వంగాడు. పెద్దమనిషికి దీని తరువాత నీలంబంతి కావాలి. ఆయనకు మరీ సూటిగా ఇవ్వగూడదు, కాస్త పక్కకు ఇవ్వాలి. కొట్టాడు. ఎర్రబంతి పడింది. తెల్లబంతి నీలంబంతికి కాస్త పక్కగా ఆగింది. వలి పెదవులు కదిలాయి. ఏమన్నాడో ఎవరికీ వినపడలేదు. అని, బల్ల చుట్టూ తిరిగి, చొక్కా చెయ్యి పైకి లాక్కుని, అవతలి వైపునుంచి వంగాడు.

నీలంబంతి పడింది. మళ్ళీ పెదవులు కదిలాయి. మూడో బంతి పడింది.

నాలుగోది పడినప్పుడు చలపతి కుర్చీలో ముందుకు జరిగాడు. ఆ తరువాత ఎవరూ లెక్క పెట్టలేదు. గదిలో పంకా కిర్రుమనే చప్పుడూ, బంతికి బంతి తగిలే చిన్న చప్పుడూ తప్ప ఇంకేమీ లేదు. ఏసేపు ఆటలో చురుకుదనం ఉంది. వలి ఆటలో అది లేదు. ఇందులో వేరేదుంది. ఒక్కొక్క బంతినీ ఎవరో గొప్పవాడి ముందర అణకువగా పెట్టినట్టు పెడుతున్నాడు. తెల్లబంతి పొర్లుతూ, నెమ్మదిస్తూ, ఇంకొక్క అడుగు వేయాలా అని అడిగినట్టు ఆగుతోంది. సరిగ్గా అక్కడే. ఏసేపు తన ఓటమి దగ్గరపడుతున్నదని మరిచి, "యేసయ్యా!" అని గట్టిగానే అనేశాడు.

ఎర్రబంతులు అయిపోయాయి. వరసగా పసుపు, ఆకుపచ్చ, గోధుమ, నీలం. ఇంక గులాబీదీ నల్లదీ మిగిలాయి. నల్లది కూడా పడితేనే ఆట వలిది. గులాబీ బంతిని నడిమి గుంతలోకి మెత్తగా పంపించాడు. తెల్లబంతి అంచు తాకి, తిరిగి, నల్లదాని వైపు నడిచింది. నడిచి, దాని పక్కన, కాస్త ఎడమగా, జానెడు దూరంలో ఆగింది.

అహోబలరావు పంతులు కుర్చీలోంచి లేచాడు.

లేచి, లాల్చీ చెయ్యి పైకి లాక్కుని, కర్ర పట్టుకుని తిన్నగా బల్ల దగ్గరికి వచ్చేశాడు. ఎవరూ పిలవలేదు. ఆ చోట తెల్లబంతి ఆగితే లేవడం ఆయన ఒంటికి అలవాటు. ఇన్ని సాయంత్రాలూ అక్కడ ఆగిన ప్రతిసారీ వంతు ఆయనదే. బల్ల మీద చెయ్యి ఆనించి వంగబోయాడు కూడా.

"పంతులుగారూ," అన్నాడు చలపతి, "ఆట వాళ్ళదండీ."

వెనుకనుంచి ఎవరో నవ్వారు. పంతులు నవ్వలేదు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. తెల్లబంతిని చూశాడు, నల్లదాన్ని చూశాడు, మధ్యనున్న జానెడు పచ్చబట్టను చూశాడు. దాన్ని గుర్తుపట్టాడు. ఆ తరువాత తలెత్తి వలిని చూశాడు.

ఏ మాటను నోటితో అనకుండా నాలుగురోజులు మింగాడో, ఆ మాటను తెల్లబంతి చెప్పేసింది. ఇప్పుడు నల్లబంతిని తప్పించేస్తే? పంతులు ఆ ఒక్కటీ కాకతాళీయమని అనుకుంటాడేమో. చెయ్యికి తప్పించడం వచ్చు. అందంగా వచ్చు.

పంతులు బల్ల మీదినుంచి చెయ్యి తీసుకున్నాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నీ వంతప్పా వలీ," అన్నాడు. "కొట్టు."

వలి కొట్టాడు. నల్లబంతి పడింది. గదంతా ఒక్కసారి కేకలు వేసింది. ఏసేపు వచ్చి కౌగిలించుకున్నాడు. చలపతి లేచి, అందరిముందరా చెయ్యి చాపాడు. తన రైల్వే పని తనకుందనీ, రాత్రి బండికే పోతాననీ ఏసేపు చెప్తున్నాడు. వలి వాళ్ళ భుజాల మీదుగా చూశాడు. పంతులు గొడుగు కూడా తీసుకోకుండా మెట్లు దిగి వెళ్ళిపోతున్నాడు.

*

ఆదివారం పంతులు రాలేదు. వలి పచ్చబట్టను దువ్విందే దువ్వాడు. పీరమ్మ ఇంట్లో పాయసం వండి పెడితే రెండు చెంచాలు తిని లేచాడు. "గెలిచినోడి మొగం ఇట్లుంటుందా?" అని ఆమె తిట్టింది.

సోమవారం ఎండ పొద్దులో, ఎవరూ రాని వేళలో, పంతులు వచ్చాడు. కర్ర తీసుకోలేదు. బల్ల అంచున కూర్చున్నాడు.

"మొదటినించీనా?" అన్నాడు.

వలి నేల చూపులు చూశాడు.

"కోర్టులో శానామందిని చూసినా వలీ. అబద్ధం చెప్పొద్దు."

"మొదటినించే సామీ. కానీ బంతులు వేసింది మీరే. నేను పెట్టింది తొలి చోటొక్కటే."

"తొలి చోటు నువ్వు పెడితేనే కదప్పా తక్కినవి కలిసొచ్చేది," అన్నాడు పంతులు. ఆయన మొహంలో కోపం ఉంటే వలి కాళ్ళు పట్టుకునేవాడే. అవమానం ఉంటే ఏడ్చేవాడు. అవి రెండూ శనివారం నుంచి ఇప్పటిదాకా ఆయన ఇంట్లో అయిపోయినట్టున్నాయి. ఇప్పుడు ఉన్నది ఇంకేదో. చిన్నపిల్లలు గారడీవాడి చేతిని చూసే చూపు.

"రెండు రాత్రులు నిద్ర పట్టల్యా," అన్నాడు. "నీ చెయ్యి నీకు తెలిసేది సరే. నేను యెట్ల కొడతానో, కొట్టినాక అది యాడికి పోతుందో, అదంతా నువ్వు ముందే చూసి పెట్టాల కదా? నా చెయ్యి నాకే తెల్దు కదప్పా!"

వలి చేతిలోని గుడ్డను మడిచి భుజాన వేసుకున్నాడు.

పంతులు లేచి, గోడకున్న కర్రల్లోంచి ఒకటి తీసుకున్నాడు. ఒక ఎర్రబంతినీ నల్లబంతినీ తెల్లదాన్నీ బల్ల మీద పెట్టాడు. "ఎర్రది నేను కొడతా. నల్లది నీకు. నీకు అనువుగా పెడతా, చూడు."

"వద్దు సామీ, మీరెందుకు..."

"నోరు మూసుకుని కూచో."

కూర్చోమన్నది పేము కుర్చీలో. వలి ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు, అంచున ఆనుకున్నాడు. పంతులు కొట్టాడు. తెల్లబంతి నల్లదాన్ని దాటి ఎక్కడికో పోయింది. తీసి, మళ్ళీ పెట్టి, కొట్టాడు. ఈసారి సగం దారిలోనే ఆగిపోయింది. ఎర్రది పడితే తెల్లది మాట వినడం లేదు, తెల్లది మాట వింటే ఎర్రది పడడం లేదు. మళ్ళీ, మళ్ళీ. లాల్చీ వీపుకు అంటుకుపోయింది. నెరిసిన జుట్టులోంచి చెమట పచ్చబట్ట మీద పడబోతే ఆయనే గబుక్కున మోచేత్తో తుడుచుకున్నాడు.

"ఇంత కష్టమాప్పా," అన్నాడు రొప్పుతూ. "ఇంకొకడి కోసరం ఒక్క బంతి పెట్టేది ఇంత కష్టమా?"

చాలాసేపటికి ఎర్రబంతి పడి, తెల్లబంతి నల్లదాని వైపు మెల్లగా నడిచింది. దానికి దారి ఇస్తున్నట్టు పంతులు కర్ర ఎత్తిపట్టుకుని, దానితోపాటు తానూ వంగుతూ వచ్చాడు. అది ఆగింది. ఆయన ఊపిరి వదలకుండా వలి వైపు తిరిగాడు.

"ఈడ చాలునా?"

శానా బాగుండాది సామీ అన్న మాట వలి నాలుక మీదికి వచ్చేసింది. అది ఎప్పుడూ అక్కడే ఉండేది. వలి లేచి నిలబడ్డాడు. తెల్లబంతిని చూశాడు, నల్లదాన్ని చూశాడు, కర్ర పట్టుకున్న ముసలి చేతిని చూశాడు.

"చాలదు సామీ," అన్నాడు. "ఇంకా జానెడు ఎడమకు రావాల."

పంతులు ఆ జానెడు బట్టను తేరిపార చూశాడు. తరువాత తెల్లబంతిని చేతిలోకి తీసుకుని, తుడిచి, మళ్ళీ మొదటి చోట పెట్టి వంగాడు.